అరువు లాగిన్

కీబోర్డును బోర్లించి బల్లమీద తట్టేసరికి బిస్కట్ పొడీ, గోటి ముక్కలూ, ఒక గుండుపిన్నూ రాలాయి. పాత గడ్డం బ్రష్షుతో వాటిని కాగితంలోకి ఊడ్చి చెత్తబుట్టలో వేశాడు. పని మొదలుపెట్టే ముందు ఇది చెయ్యకపోతే అతనికి చెయ్యి ఆడదు. పొట్టి మనిషి. బల్లల కింద దూరి తీగలు సర్దీ సర్దీ ప్యాంటు మోకాళ్ళ దగ్గర తెల్లబడిపోయింది. ఆఫీసులో అందరికీ అతను వైరస్ బాబాయ్.

"వైరస్ వచ్చాడర్రా, కంప్యూటర్లు జాగ్రత్త!" అన్నాడు గుమాస్తా, మేనేజరు గది గుమ్మంలోంచి తొంగిచూస్తూ. రోజూ అనేదే. అతనూ రోజూ నవ్వినట్టే నవ్వాడు.

నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పి బల్లమీద పరిచాడు. ఒక్కో స్క్రూడ్రైవరుకు ఒక్కో అర. భార్య కుట్టిచ్చింది. చివరి అరకు వచ్చేసరికి కుట్టు వంకర పోయింది. అప్పటికే ఆమె కళ్ళకు మసక కమ్ముతోంది. ఇప్పుడైతే పాలు పొంగాయో లేదో చప్పుడును బట్టి తెలుసుకుంటోంది. అతని ఉద్యోగం పర్మినెంటైతే ఇంటిల్లిపాదికీ ఆస్పత్రి కార్డు వస్తుంది, కార్డొస్తే ఆమెకు ఆపరేషన్. ఆ ఆర్డరును ఇదిగో అదిగో అంటూ మేనేజరు ఏళ్ళు దొర్లించాడు. ఈసారి ఖాయమన్నాడు. తనిఖీకి వచ్చిన హెడ్డాఫీసు అమ్మాయి సరేనంటే చాలట.

ఆ అమ్మాయి పక్క కుర్చీలోనే కూర్చుంది. మేనేజరు ఆమె వెనక నిలబడ్డాడు. మేనేజరు కంప్యూటరు వారం నుంచి నత్తనడక నడుస్తోంది. అందులోంచి ఆఫీసు సమాచారం ఎక్కడికో పోతోందని హెడ్డాఫీసు పసిగట్టింది.

అతను ముందు నెట్ తీగ పీకేశాడు. అలవాటు చొప్పున లాగిన్ కొట్టి, నడుస్తున్న ప్రోగ్రాముల పట్టిక తెరిచాడు. ఎస్‌వీసీహోస్ట్ అన్న పేరు బోలెడుసార్లు కనబడింది. అది విండోస్ సొంత ఫైలే, అన్నిసార్లు కనబడటమూ మామూలే. కొత్తవాళ్ళు అక్కడే బోల్తా పడతారు.

"పేరు చూస్తే అందరూ పెద్దమనుషులేనమ్మా. కాపురం ఎక్కడో చూడాలి," అంటూ ఒక్కోటీ ఏ ఫోల్డర్లోంచి నడుస్తోందో వెతికాడు. అన్నీ విండోస్ సొంత ఫోల్డరు సిస్టమ్32 లోంచే. ఒకటి మాత్రం మేనేజరు సొంత ఫోల్డర్లో, పేకాట గేము పక్కన మకాం వేసింది.

"దొరికాడు దొంగ."

దాన్ని ఆపి, చెరిపేశాడు. కాసేపటికే మళ్ళీ లేచి కూర్చుంది. అంటే దీన్ని లేపేవాడు ఇంకొకడున్నాడు. టైము ప్రకారం వాటంతటవే జరిగే పనుల పట్టిక తెరిచాడు. ఉంది. చెరిపిన ఫైలును మళ్ళీ మళ్ళీ పుట్టించే పని. అది పెట్టిందెవరో చెప్పే చోట ఒక లాగిన్ పేరుంది.

అతను ఆ పేరు మళ్ళీ చదివాడు. అది అతను రోజూ వాడే లాగినే.

నిజానికి అది అతనిది కాదు, అతనికి ముందున్న పెద్దాయనది. ఆయన రిటైరైనప్పుడు, "కాంట్రాక్టు వాళ్ళకి లాగిన్ ఇవ్వరోయ్. ఆయనదాంతోనే కానిచ్చెయ్. ఆర్డరు రాగానే నీ పేరున పెట్టిస్తా," అన్నాడు మేనేజరు. అప్పట్నుంచీ రోజూ పెద్దాయన పేరు కొట్టాకే పనిలోకి దిగుతున్నాడు. పోయిన ఆదివారం మేనేజరు ఫోన్ చేశాడు. ఏదో గేము ఎక్కించుకోవాలట, పాస్‌వర్డ్ కావాలట. అడిగింది ఆర్డరు ఇప్పించే మనిషాయె! చెప్పేశాడు. ఆ గేముతోపాటే ఈ దొంగా లోపలికొచ్చాడు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండని ఆఫీసు గోడలకు కాగితాలు అంటించిందీ అతనే.

"ఈ లాగిన్ ఎవరిదండీ?" అమ్మాయి వంగి చూసింది.

"ఆయన రిటైరై చాలా కాలమైందమ్మా," అన్నాడు మేనేజరు గబగబా. "ఎవరు వాడుతున్నారో మరి."

"నేనేనమ్మా. సారే వాడుకోమన్నారు."

"నేనెప్పుడన్నానోయ్?"

అతను మౌసు వదిలేసి లేచాడు. "మొన్న ఆదివారం పాస్‌వర్డ్ కూడా మీకే చెప్పాను కద సార్, గేము కోసం!"

మేనేజరు కిటికీవైపు తిరిగి కర్టెన్ సర్దాడు.

"పాస్‌వర్డ్ ఇంకొకరికి చెప్పడమూ తప్పే కదండీ," అంది అమ్మాయి. ఆమె గొంతులో కోపం లేదు. "సార్ సంగతి పైవాళ్ళు చూసుకుంటారు. మీ ఆర్డరుకి మాత్రం నేను సరేననలేను. రేపట్నుంచి రావద్దనే అంటారు మావాళ్ళు."

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పంపకం కూడా లేదు, మొత్తం అతని దోసిట్లోనే పోశారు. అసహ్యం వేసింది. సగం మేనేజరు మీద, సగం ఆ ఆదివారం ఫోనెత్తిన తన మీద.

అయినా పని సగంలో వదల్లేదు. పట్టికలోంచి ఆ పనిని తీసేశాడు. దొంగ ఫైలును మళ్ళీ చెరిపాడు. కంప్యూటరును ఆపి, మళ్ళీ ఆన్ చేసి, అంతా స్కాన్ చేసి, అది ఇక లేవదని రూఢి చేసుకున్నాకే నెట్ తీగ తగిలించాడు.

అప్పుడు అమ్మాయి అదే కంప్యూటర్లో తన ఐడీతో లాగినై, సిబ్బందిలో లేనివాళ్ళ లాగిన్లు వెతికింది. పెద్దాయనది ఒక్కటే తేలింది. ఇంతలో ఆమెకు ఫోనొచ్చింది. "ఇది ఇవాళే తీసెయ్యాలండీ. కాస్త మీరే నొక్కేస్తారా?" అంటూ బయటికి నడిచింది.

నిజంగానే తీసెయ్యాలా అని కంప్యూటరు అడిగింది. ఆ ఆఫీసులో అతన్నొక మాట అడిగింది అదొక్కటే. అవునన్న చోట నొక్కాడు.

జేబులో ఫోను మోగింది. భార్య.

"ఏమందండీ ఆ అమ్మాయి?"

"కంప్యూటర్ బాగైంది."

"అది కాదండీ, మన ఆర్డరు..."

"ఇంటికొచ్చి చెప్తాలే. పొయ్యి దగ్గరికి వెళ్ళకు, నేనొచ్చి వండుతా."

సంచి చుట్టి నడుముకు కట్టుకుని గుమ్మం దాటబోతుంటే మేనేజరు పిలిచాడు.

"స్క్రూడ్రైవర్లు ఆఫీసువి కదోయ్. ఇచ్చి వెళ్ళు."

సంచి నాది అనబోయాడు. ఆ మనిషితో ఇంకో మాట మాట్లాడాలంటే నోరు రాలేదు. ముడి విప్పి, సంచితో సహా బల్లమీద పెట్టేశాడు. "ఏం బాబాయ్, అప్పుడే?" అన్న గుమాస్తాకి చెయ్యూపి మెట్లు దిగిపోయాడు.

సాయంత్రం మేనేజరు స్క్రూడ్రైవర్లు తీసి సొరుగులో వేసుకుని గదికి తాళం పెట్టాడు. కీబోర్డు పక్కన గుడ్డసంచి ఒక్కటే మిగిలింది, ఖాళీ అరలతో, చివరి అర మీద ఆ వంకర కుట్టుతో.