సేఠు దీక్షల కూసున్న దినం

వీరేశం సేఠు జగిత్యాలకు పోయి రెండు దినాల క్లాసు విని వచ్చిన కాడ్నుంచి, సిరిసిల్లల ఆయన కార్ఖానకు తిప్పలు మొదలైనయ్.

వ్యాపారస్తుల కోసం ఓ ఫంక్షన్ హాల్ల పెట్టిన క్లాసు అది. హైదరాబాదు నుంచి టై కట్టుకొని వచ్చిన సారొకాయన, పనోళ్లతోని పని ఎట్ల చేయించుకోవాల్నో చెప్పిండట. మనిషికి ఊపు రెండు తీర్ల వస్తదట. ఒకటి మనం బయటి నుంచి ఇచ్చేది, ఇనామో, శభాషో, బెదిరింపో. ఇంకోటి మనిషి లోపట్నే తనంత తాను పుట్టేది. సేఠు నోటుబుక్కుల నడుమ గీత కొట్టి, ఒక దిక్కు బయటి ఊపు, ఒక దిక్కు లోపటి ఊపు అని రాసుకొని వచ్చిండు.

ఈ సంగతి అందరికంటె ముందుగాల సుమలతకు తెలిసింది. సుమలతది రాయికల్, తల్లి బీడీలు చేసి పెంచిన బిడ్డ. సిరిసిల్లకు కోడలై వచ్చి సేఠు కార్ఖానల నూలు కండెలు చుట్టబట్టి పదేండ్లు. ఇరవై నాలుగు కరెంటు మగ్గాలు, వాళ్ల మాటల్ల సాంచెలు, ఒక్క తీరుగ మోగుతుంటే చెవుల పక్కన బాంబు పేలినా వినపడదు. అందుకే సుమలత పెదవులు చూసి మాట పట్టుడు నేర్చుకున్నది. అద్దాల గదిల కూసోని సేఠు ఫోన్ల తన బామ్మర్దికి చెప్తుంటే, బయట కండె చుట్టుకుంటనే క్లాసంతా చదువుకున్నది.

మొదాలు బయటి ఊపు వచ్చింది. ఆ నెల ఎవలు ఎక్కువ మీటర్లు నేస్తె వాళ్లకు స్టీలు టిఫిను, గోడ మీద ఫొటో.

టిఫిను మల్లేశంకే వచ్చింది. మల్లేశంది ఇబ్రహీంపట్నం దిక్కు. తండ్రి కల్లు గీసుటానికి తాళ్లెక్కిండు, కొడుకు సాంచెలు పట్టిండు. ఆయన చెయ్యి పడ్డదంటె పోగు తెగుడే ఉండది. ఇదివరకైతె పక్కోని సాంచె ఆగితే తన పని ఇడిచిపెట్టి ఉరికి పోయి బాగు చేసేటోడు. ఫొటో ఎక్కినంక ఉరుకుడు బంద్ చేసిండు. పక్కోని మీటర్లు ఓరకంట చూసుడు మొదలుపెట్టిండు. మిగిలినోళ్లు సుత ఆయనను పిలుచుడు మానేసిన్రు. పగటాల బువ్వకాడ అందరు ఒక దిక్కు, మల్లేశం తన కొత్త టిఫినుతోని ఒక దిక్కు.

"అన్నా, టిఫిన్ల కూర మంచిగున్నదా?" అన్నది సుమలత ఒకనాడు పక్కకు పోయి కూసోని.

మల్లేశం తల ఎత్తలేదు. "మంచిగ లేదు సుమలతా. ఒక్కన్ని తింటే ఏదీ మంచిగుండది."

"అయితె ఈ నెల ఇనాము పోచయ్య మామకు ఇప్పిద్దాం."

మల్లేశం కండ్లు పెద్దగైనయ్. పోచయ్య అంటె కార్ఖానల అందరికంటె పెద్దోడు. నిలబడే కునుకు తీస్తడు. ఆయన సాంచె రోజుల సగం ఆగే ఉంటది.

ఆ నెల అందరు తాము నేసిన బట్ట తాన్లల్ల ఒక్కొక్కటి, మల్లేశమైతె సగానికి ఎక్కువ, పోచయ్య పేరు మీద రాయించిన్రు. కూలి మాత్రం శనివారం నాడు లోపల్లోపల సర్దుకున్నరు. నెలాఖరుకు సేఠు లెక్క తీస్తె పోచయ్యే మొదటోడు, మల్లేశం ఆఖరోడు. మాట ఇచ్చిండాయె, తప్పదు. ఫొటో తీసేటోడు వచ్చేసరికి పోచయ్య సాంచెకు ఒరిగి నిద్రపోతుండు. గట్లనే తీసిన్రు. "ఈ నెల ఉత్తమ కార్మికుడు" అని రాసిన పటంల పోచయ్య నోరు తెరుసుకొని గోడెక్కిండు. చూసినోళ్లంత కడుపు పట్టుకొని నవ్విన్రు. పోచయ్య సుత నవ్విండు గని, "జర నోరు మూసి తీయకపోతిరి," అని రెండు దినాలు అలిగిండు.

సేఠు నోటుబుక్కుల మొదటి దిక్కంత కొట్టేసిండు.

గప్పుడే కోరుట్ల జేఏసీ వాళ్లు వచ్చిన్రు. తెలంగాణ కోసం ఊరూరా ర్యాలీలు తీస్తున్న రోజులవి. జెండాలకు, కండువాలకు బట్ట కావాలె, ఎనిమిది దినాల్ల కావాలె అన్నరు. సాంచెల మీద నేసేది తెల్ల బట్టనే, రంగు తర్వాత అద్దకపోళ్లు వేసుకుంటరు. అయినా ఆ తెల్ల బట్ట ఎందుకో తెలిసేసరికి కార్ఖాన రూపే మారింది. మల్లేశం పిలువకున్నా ఒక సాంచె కాడికెళ్లి ఇంకో సాంచె కాడికి ఉరికిండు. పోచయ్య మొకం మీద నీళ్లు కొట్టుకొని కండ్లు తెరిచి నేసిండు. సుమలత కండెలు చుట్టుకుంట పాట అందుకుంటె, వినపడకున్నా పెదవులు చూసి అందరు అందుకున్నరు. నాలుగు దినాలకే బట్ట తయారు. ఆదివారం పనికి కూలి ఇయ్యబోతె, "గిది మన జెండా, కూలేంది?" అని ఎవరూ తీసుకోలేదు.

అద్దాల గదిలకెళ్లి సేఠు ఇదంత కండ్లార్పకుండ చూసిండు. నోటుబుక్కు తీసి రెండో దిక్కు చదివిండు.

కోరుట్ల బట్ట పోయిన తెల్లారే అందరిని పిలిచి, "జగిత్యాలోళ్లు అడుగుతున్రు. ఇదీ తెలంగాణ కోసమే," అన్నడు. ఆ పై వారం కరీంనగర్ అన్నడు. ఆ పై వారం ఊరి పేరు సుత చెప్పలేదు, చెయ్యి గుండె మీద పెట్టుకొని "తెలంగాణ" అన్నడు అంతే. ఆరు ఆదివారాలు వట్టిగ నేసిన్రు.

ఏడో వారం సుమలతకు అనుమానం వచ్చింది. ఇంత బట్టతోని జగిత్యాలల ఒక్కొక్కరికి జెండా, కండువా, కిటికీ పరదాలు సుత కుట్టియ్యొచ్చు. మేనమామ ఇంట్ల పురుడుకని కోరుట్లకు పోయినప్పుడు జేఏసీ టెంటు కాడ ఆగి అడిగింది. "మేం ఒక్కసారే తీసుకున్నం అక్కా. జగిత్యాలోళ్లకు సుత ఆ బట్టలకెళ్లే ఇచ్చినం," అన్నరు వాళ్లు.

మర్నాడు కార్ఖానల కండె చుట్టుకుంటనే కన్ను అద్దాల గది మీద పెట్టింది. సేఠు ఫోను ఎత్తిండు. పెదవులు ముందుగాల "విజయవాడ" అన్నయ్. తర్వాత "లంగల బట్ట" అన్నయ్. తర్వాత, "ఎంతంటే అంత పంపుత, మావోళ్లు మంచి ఊపు మీదున్నరు" అన్నయ్.

సుమలత చేతిల కండె జారి కింద పడ్డది.

చాయ్ కాడ విషయం చెప్పంగనే మల్లేశం మొకం నల్లబడ్డది. "ఆ బట్ట నేసేటప్పుడు ఎన్నడు లేనంత మంచిగనిపించింది నాకు. గది సుత అమ్ముకున్నడా?" అన్నడు. పోచయ్యైతె, "లంగల కోసమా నేను నిద్ర ఆపుకున్న?" అని గ్లాసు కింద పెట్టిండు. పోయి నిలదీద్దాం, సాంచెలు ఆపుదాం అని లేచిన్రు.

"ఆగున్రి," అన్నది సుమలత. ఆమె కండ్లల్ల నవ్వు మెరిసింది. "సేఠు మనకు ఇంత ఊపు ఇచ్చిండు. మనం జరంతన్న తిరిగి ఇయ్యద్దా?"

సకల జనుల సమ్మె మొదలై వారమైంది. ఆఫీసులు, బడులు బంద్. గాంధీ బొమ్మ దగ్గర టెంటేసి రోజుకు కొంతమంది పొద్దుందాక ఉపాసం కూసుంటున్రు. ఆ టెంటు నడిపేది రాజక్క అనే టీచరమ్మ. సుమలత ఆమె దగ్గరికి పోయి ఒక్క అబద్ధం ఆడలేదు. "మేడమ్, మా సేఠు నెలన్నర సంది తెలంగాణ కోసమే నేపిస్తున్న అని రోజూ చెప్తడు. గసొంటి మనిషిని మనం పిలువకపోతె ఎట్ల?" అన్నది.

తెల్లారి పది గంటలకు డప్పులతోని రెండువందల మంది కార్ఖాన ముందల దిగిన్రు. రాజక్క బంతిపూల దండ సేఠు మెడల వేసింది. "మీ అసొంటోళ్లే కావాలె! ఇయ్యాల దీక్షల మీరే ముందు కూసోవాలె. మీ సాంచెలు సుత సమ్మెల కలువాలె," అన్నది. సేఠు నోరు తెరిచిండు. అది చూసి పోచయ్య, "జై తెలంగాణ!" అని గట్టిగ ఒర్లిండు. రెండువందల గొంతులు అందుకున్నయ్. ఆ మోతల సేఠు ఏమన్నడో ఎవలకు వినపడలేదు. "నాకు గ్యాసు ఉన్నది" అన్నడని ఒక్క సుమలతకు తెలుసు.

పగటాలకు టెంటుకు ఎదురుంగ బండి మీద మిర్చీలు వేగవట్టినయ్. సేఠుకు మిర్చీలంటె పానం. కండ్లు మూసుకుండు, తెరిచిండు, మల్ల మూసుకుండు. పక్కన దీక్షల కూసున్న సుమలత, "ఓర్చుకో సేఠ్, తెలంగాణ కోసమే కదా," అన్నది మెల్లగ.

గప్పుడే జేబుల ఫోను మోగింది. సేఠు బెదిరి ఆపేసిండు.

"విజయవాడోళ్లా?"

సేఠు ఆమె దిక్కు చూసిండు. మెడల దండ బరువైనట్టు తల వంగింది. "నీకెప్పటి సంది తెలుసు?"

"పెదవులు దాసుకోకపోతివి సేఠ్."

ఇంతల రాజక్క మైకు తెచ్చి చేతిల పెట్టింది. రెండు ముక్కలు మాట్లాడాలె అన్నది. సేఠుకు క్లాసుల సారు చెప్పిన మాటలేవీ యాదికి రాలేదు. అటు చూసి ఇటు చూసి, "మా నాయిన మగ్గం గుంతల కూసోని నేసిండు," అని మొదలుపెట్టిండు. అరవై తొమ్మిదిల నాయిన తెలంగాణ ఊరేగింపుకని ఒక తాను ఊరికే ఇచ్చిండట. ఆ దినం ఇంట్ల పొయ్యి వెలగలేదట, నాయిన మాత్రం నవ్వుకుంట పండుకున్నడట. ఆడికి రాంగనే సేఠు మైకు రాజక్క చేతిల పెట్టేసిండు. జనం చప్పట్లు కొట్టిన్రు. సేఠు ఆ చప్పట్లకు సంబురపడలేదు. తల వంచుకున్నడు.

పొద్దుమూకంగ నిమ్మరసం తాగి లేచి, ఇంటికి పోకుండ సీదా కార్ఖానకే వచ్చిండు. ఆగిన సాంచెల నడుమ నిలబడి అందరి ముందల చెప్పిండు. "ఆ బట్ట లంగలకు పోయింది. నాదే తప్పు. ఆరు ఆదివారాల కూలి ఇస్త. ఇంకేం కావాలె మీకు?"

మల్లేశం ముందటికొచ్చి, "ఇనాములొద్దు సేఠ్. ఫొటోలొద్దు. ఏ బట్ట ఏడికి పోతదో చెప్పు, చాలు. లంగలకైతె లంగలకనే చెప్పు. కట్టుకునేటోళ్లు మనుషులు కారా? వాళ్లకు సుత మంచిగనే నేస్త. గని ఎవలకు నేస్తున్ననో నాకు తెల్వాలె," అన్నడు.

"నా ఫొటో సుత తీసెయ్యి," అన్నడు పోచయ్య. సేఠే కుర్చీ ఎక్కి తీసిండు.

సమ్మె ముగిసి సాంచెలు మల్ల నడిచినంక తలుపు పక్కన ఒక పలక వేలాడింది. ఏ బట్ట ఏ ఊరికో పొద్దుగాల్నే సేఠు చాక్‌పీసుతోని రాస్తడు. జెండాల రోజుల్లంత బట్ట రాలేదు. అట్లని టిఫిన్ల రోజుల్లంత తక్కువ సుత రాలేదు. తెగిన పోగు కాడికి మల్లేశం ఉరుకుడు మాత్రం మొదలైంది.

సంక్రాంతి పోయినంక ఒకనాడు పొద్దుగాల సేఠు రాలేదు. పలక మీద ఏం రాయాల్నని సుమలత అద్దాల గదిలకు పోయి ఆయన ఇంటికి ఫోన్ చేసింది. సేఠు పెండ్లాం విసుక్కుంట ఎత్తింది. "ఏం చెప్పాలె బిడ్డా! కోరుట్లకు దుప్పట్ల బట్ట అని రాయమన్నడు. జగిత్యాలల దీక్ష ఉన్నదట, పొద్దుగాల్నే ఏం తినకుండ పోయిండు. ఎవలన్న పిలిచిన్రా అంటె, ఎవలు పిలువలేదు, నాకే పోబుద్ధైతుంది అంటడు!"

సుమలత ఫోను పెట్టేసి, గది బయటికొచ్చి, సాంచెల చప్పుట్ల ఎవలకు వినపడకుండ గట్టిగ నవ్వి, పలక మీద తనే రాసింది: కోరుట్ల, దుప్పట్లకు.