రెండు వేళ్ల మందం

తెల్ల పికప్ కింద నుంచి లింబాద్రి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి ఉత్త కాళ్లు. కంపెనీ ఇచ్చిన బూట్లు గోడకు ఆనించి ఉన్నాయి. పెడల్ తొక్కితే లోపం చర్మానికే తెలుస్తుంది, తోలుకు తెలియదని అతని మొండిపట్టు. పద్నాలుగేళ్లుగా ఫోర్‌మన్లు తిడుతూనే ఉన్నారు, అతను విప్పుతూనే ఉన్నాడు.

ఆ పొద్దున్నే ఆఫీసు గుమాస్తా అతని చేత ఖురూజ్ కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ఖురూజ్ అంటే వెళ్లిపో, ఇక రాకు అని. బొటనవేలికి అప్పటికే గ్రీజు ఉంది, సిరాతో పని పడలేదు. కాగితం పాడైందని గుమాస్తా విసుక్కున్నాడు. పద్నాలుగేళ్లు ఒక మనిషి గ్రీజులో నానితే ఎవడూ విసుక్కోలేదు. యుద్ధం నడిచినంత కాలం కదలనివ్వలేదు. అది ముగిసి ఏడాది తిరగకుండానే మనుషులు ఎక్కువయ్యారని పొమ్మన్నారు.

జిద్దా బస్సు సాయంత్రం నాలుగింటికి. అట్టపెట్టెకు తాళ్లు కట్టడం కూడా అయిపోయింది. ఆ రోజు అతను ఒక్క నట్టు తిప్పనక్కర్లేదు. అయినా బండి కింద పడుకున్నాడంటే కారణం అల్లాబకాష్.

అల్లాబకాష్ రాయచోటి మనిషి. అబూ సయీద్ అనే ముసలి వ్యాపారికి డ్రైవరుగా ఈ ఖమీస్ ముషైత్ ఊరికి వచ్చి ఆరు నెలలైంది. గేర్లు పడటం లేదని ఈ పికప్‌ను తేవడం ఇది మూడోసారి. వర్క్‌షాపులో ఎవరు నడిపినా గేర్లు బాగానే పడతాయి. ఇంటికి వెళ్లగానే మళ్లీ మొరాయిస్తాయి. ఫోర్‌మన్ సర్దార్ రెండుసార్లు గేర్‌బాక్సు దించి, ఎక్కించి, చివరికి తీర్పు చెప్పేశాడు: తప్పు బండిది కాదు, డ్రైవరు కాలిది. అబూ సయీద్ మధ్యాహ్నం జుహర్ నమాజు తర్వాత వస్తున్నాడు. ఈసారీ గేరు అరిస్తే రేపే అల్లాబకాష్‌కు ఖురూజ్.

"నాకు క్లచ్చు తొక్కడం రాదంటాడన్నా! ఘాట్లో పదేండ్లు లారీ తోలినోణ్ని!" అన్నాడు అల్లాబకాష్.

"ఊకో రా, ఏడ్పు బంజెయ్. ఎప్పటి సంది పడ్తలేవు?"

"చలి మొదలైనప్పట్నుంచన్నా."

చలికి ఆయిల్ చిక్కబడిందని సర్దార్ పోయినసారే పలుచటి ఆయిల్ పోసి చూశాడు. ఏమీ మారలేదు. అతను చాయ్ గ్లాసుతో వచ్చి నిలబడ్డాడు. పెషావర్ మనిషి, గొంతు పెద్దది. "ఛోడ్ యార్, తూ తో జా రహా హై." వదిలెయ్, నువ్వెలాగూ పోతున్నావుగా అని.

"జారౌఁ తో క్యా? దిమాగ్ ఇధర్ ఛోడ్కే జారౌఁ క్యా?" అన్నాడు లింబాద్రి, బయటికి జరిగి లేస్తూ. పోతే మాత్రం బుర్ర ఇక్కడ వదిలిపోతానా అని.

సీట్లో కూర్చున్నాడు. ఇంజన్ ఆపి గేర్లు వేశాడు, మెత్తగా పడ్డాయి. ఇంజన్ నడుస్తుండగా వేశాడు, అలాగే పడ్డాయి. రివర్సు కూడా నోరెత్తలేదు. బండి ఇక్కడ బాగుంది, అక్కడ బాగాలేదు. అంటే అక్కడ ఉన్నదేదో ఇక్కడ లేదు. అతని చూపు బల్ల మీదికి పోయింది. పాత అరబ్బీ పేపరు పరిచి, దాని మీద ఎర్ర కార్పెట్ చుట్ట పెట్టి ఉంది.

"అదేంది రా?"

"ముసలాయన బండిలో కాళ్ల కింద పరిచేదన్నా. చెప్పులతో ఎవరినీ ఎక్కనీయడు. మీ గ్రీజు అంటితే చంపుతాడని తీసి పెట్టినా."

"మూడు సార్లూ తీసినవా?"

"తీయకుంటే ఎట్టన్నా? ఏ షాపుకు పోయినా మొదట అది తీసి పెట్టాలి."

లింబాద్రి చుట్ట విప్పాడు. కార్పెట్ లోపల బొచ్చు దట్టంగా ఉన్న గొర్రెతోలు. చలికి పాదాలు తిమ్మిరెక్కుతున్నాయని అబూ సయీద్ కొని, తన చేత్తో రెండు వైపులా పరిచాడట. లింబాద్రి నవ్వాడు. కింది పన్ను ఊడిన సందు కనిపించేంత నవ్వు.

"ఇంట్ల ఎట్లుంటదో గట్లనే పరువు. వీసమంత జరగద్దు."

పరిచారు. ఇంజన్ ఆపి వేస్తే గేర్లు పడ్డాయి. ఇంజన్ నడుస్తుండగా రివర్సు వేయబోతే బండి కెవ్వుమంది. సర్దార్ చేతిలో చాయ్ ఒలికింది. లింబాద్రి మొహం మాత్రం వెలిగింది. మళ్లీ ఒకసారి అరిపించాడు.

వంగి పెడల్ కింద వేళ్లు పెట్టి చూశాడు. పెడల్ అడుగుకు చేరక ముందే, రెండు వేళ్ల మందం పైనే, బొచ్చులో ఆగిపోతోంది. క్లచ్చు పూర్తిగా విడవడం లేదు. ఇంజన్ తిరుగుడు గేర్లను వదలడం లేదు. మెత్తగా తగిలిన ఆ బొచ్చే అడుగనుకున్నాడు అల్లాబకాష్.

సర్దార్‌కు క్షణంలో అర్థమైంది. అంతకన్నా తొందరగా భయం పట్టింది. గొర్రెతోలు మెల్లగా తీసేద్దామన్నాడు, రిపేరు చేశామని చెబుదామన్నాడు. ముసలాయనకు ఆయన తప్పు చూపిస్తే కొంపలు మునుగుతాయన్నాడు. అల్లాబకాష్ కూడా చేతులు పట్టుకున్నాడు. "వద్దన్నా, నీ కాళ్లు మొక్కుతా."

"రిపేరు జేసినమంటే తప్పు నీ కాలికే ఉంటది. రేపు ఇంకో తోలు పరుస్తడు, మల్ల నువ్వే దొంగవి."

పోయినేడు ఇదే జనవరిలో పక్కనున్న సైనిక స్థావరం నుంచి యుద్ధ విమానాలు ఆకాశాన్ని చింపుతుంటే, పనివాళ్ల పాస్‌పోర్టుల పెట్టె తాళం దగ్గర పెట్టుకున్న ఆఫీసువాడు జిద్దా పారిపోయాడు. విషవాయువు మాస్కులు ఆఫీసు వాళ్లకు సరిపోయాయి, షెడ్డు వాళ్లకు చాలలేదు. సైరన్ మోగినప్పుడల్లా లింబాద్రి తడి తువ్వాలు మొహాన కప్పుకుని లారీ కింద పడుకున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అడగనందుకు ఏడాదిగా తనను తానే తిట్టుకుంటున్నాడు.

అబూ సయీద్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. లింబాద్రి సలాం చెప్పి, ఆయన చెయ్యి పట్టుకుని పెడల్ మీద పెట్టించాడు. నొక్కమన్నాడు. నొక్కాడు, ఆగింది. గొర్రెతోలు ఎత్తి మళ్లీ నొక్కమన్నాడు. పెడల్ లోపలికంటా దిగింది. పద్నాలుగేళ్లలో ఏరుకున్న విరిగిన అరబ్బీలో, షెడ్డంతా వినేలా లింబాద్రి అన్నాడు: "ఇది పరిచింది నువ్వు. తప్పు డ్రైవరుది కాదు. నీది."

పానాల చప్పుడు ఆగిపోయింది. అల్లాబకాష్ కళ్లు మూసుకున్నాడు.

ముసలాయన తోలు మీద ఒకసారి, తోలు తీసి ఒకసారి, మళ్లీ మళ్లీ నొక్కి చూశాడు. నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. కోపం రాబోయి, దారిలో ఎక్కడో నవ్వయింది. "సుభానల్లా," అన్నాడు.

లింబాద్రి వదల్లేదు. "నాకు కాదు. వానికి చెప్పు."

అబూ సయీద్ అల్లాబకాష్ వైపు తిరిగాడు. కర్ర చేతులు మార్చుకున్నాడు. "మాలేష్," అన్నాడు మెల్లగా. మన్నించు అని. షెడ్డులో ఇరవై మంది విన్నారు. ఒకడు రేకు డబ్బా మీద దరువేశాడు.

లింబాద్రి రేకు కత్తెర తెచ్చి క్లచ్చు కింద మేరకు తోలును అర్ధచంద్రంలా కోశాడు. అల్లాబకాష్ రివర్సు వేశాడు. చప్పుడు లేదు. షెడ్డు ముందున్న ఎత్తు మీదికి బండి ఒక్క ఊపులో ఎక్కింది. పక్క సీట్లో ఎక్కిన ముసలాయన కిటికీలోంచి కర్ర ఊపుతున్నాడు, రేపు తెల్లారే అబ్హా వెళ్లాలని డ్రైవరుకు గట్టిగా చెబుతున్నాడు. రేపు అనే మాట అల్లాబకాష్‌కు అంత తియ్యగా ఎప్పుడూ వినిపించలేదు.

నాలుగింటికి అట్టపెట్టెను సర్దారే మోశాడు. లింబాద్రి కిటికీ పక్కన కూర్చుని చెప్పులు విప్పి, పాదాలు కింద ఆనించాడు. బస్సు రెండో గేరులోకి మారింది. బాగానే పడిందన్నట్టు తల ఊపాడు. మలుపు తిరిగి పోయాడు.

ఇప్పుడు ఆ షెడ్డులో ఎవరైనా తప్పు డ్రైవరు కాలిదంటే, సర్దార్ మాట్లాడకుండా బూట్లు విప్పి బండెక్కుతాడు. పానాలు వేలాడే గోడ మీద, లింబాద్రి పద్నాలుగో నంబరు పానా ఉండే మేకుకు, ఆ రోజు కోసిన అరచేతంత గొర్రెతోలు ముక్క వేలాడుతోంది. తెల్లటి బొచ్చులో నల్లగా ఒక బొటనవేలి ముద్ర.