తొమ్మిదో ఎపిసోడుకు ఒక స్టార్

కోలారు జిల్లాలో బేతమంగళ చెరువు దాటి బస్సు మలుపు తిరిగేచోట ఒక మహిళా పాల డెయిరీ ఉంది. పొద్దున ఆరున్నరకే దాని ముందు స్టీలు క్యాన్లు వరస కడతాయి. పాలు పోసే ఆడవాళ్ళు ముప్పై మంది. అందులో ఇరవై మందికి కొరియా సీరియళ్ళ పిచ్చి. ఆ పిచ్చి అంటించింది డెయిరీ సెక్రటరీ చిత్ర. కరోనా రోజుల్లో తెలుగు డబ్బింగులో ఒకటి చూసి, పాలు కొలిచేటప్పుడు సగం కథ చెప్పి వదిలేసింది. తక్కిన సగం కోసం మర్నాడు అందరూ అరగంట ముందే వచ్చి నిలబడ్డారు. ఇక అప్పటినుంచీ అదే వరస.

సీరియళ్ళకు వాళ్ళు మార్కులు వేసేది మాత్రం పాల వెన్న శాతంలో, అంటే ఫ్యాట్‌లో. ఆవు పాలకు మూడున్నర వస్తే సరిపోయినట్టు, నాలుగు వస్తే బాగున్నట్టు. నాలుగున్నర వచ్చిన ఇంటామె ఆ రోజంతా కాస్త నెమ్మదిగా, అందరికీ కనబడేలా నడుస్తుంది. సీరియల్‌కైనా అంతకు మించి ఎవరూ వేయరు.

"చిత్రమ్మా, ఈ కొత్తదానికి నెట్‌లో ఎంత వేసినారు?" అడిగింది చౌడమ్మ. నలభై ఏళ్ళ మనిషి. ఆమె నోటికి ఆ ఊళ్ళో సగం మంది జడుస్తారు, సగం మంది ఆమె మాట్లాడేది వినడానికే వస్తారు.

"తొమ్మిది పాయింట్ రెండు, అక్కా. పదికి."

"తొమ్మిదా? ఎనుము పాలకు కూడా అంత రాదు గదమ్మా. ఎవురో నూనె పోసినట్లుండాది."

వరసంతా నవ్వింది. వరస చివర చంకలో రెండేళ్ళ కొడుకును ఎత్తుకుని నిలబడ్డ ప్రేమ కూడా నవ్వింది. నవ్వుతూనే అరచేతి వెనక భాగం వాడి మెడకు ఆనించి చూసింది. చల్లగానే ఉంది. ఐదు నిమిషాల క్రితం చూసినప్పుడూ చల్లగానే ఉంది.

పాలు పరీక్ష చేసే తాయమ్మ అద్దాల పైనుంచి అది గమనించింది. ఇరవై రెండేళ్ళుగా ఆ బల్ల వెనక ఉన్న మనిషి. ఈమధ్య ఆమె కంట్లో పొర వచ్చి, పాలలో నీళ్ళు కలిశాయేమో చూసే లాక్టోమీటర్ మీది సన్న గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. ప్రేమ వంతు రాగానే గొంతు తగ్గించి అంది.

"సోమవారం మీటింగు. నా జాగాలో ఎవురినో చూసుకోమని చెప్పేస్తా. నీ పేరు చెప్పేదా, వద్దా?"

"నేను తొమ్మిదో క్లాసు అత్తా. అది కూడా సరిగ్గా కాలేదు."

"నేను మూడు. పాలేమన్నా సర్టిఫికెట్ అడిగినాయా?"

ప్రేమ ఆండర్సన్‌పేటలో పుట్టిన పిల్ల. అక్కడి బంగారు గనులు మూతపడ్డాక నాన్న రోజూ రైల్లో బెంగుళూరు పోయి పని చేసి వచ్చేవాడు. అమ్మ జబ్బుతో మంచం పట్టిన ఏడాది బడికి పోవడం ఆగిపోయింది. అమ్మ లేచి తిరిగింది గానీ, బడి మళ్ళీ మొదలవలేదు. చదువు సంగతి పక్కన పెట్టినా ప్రేమకు అసలు భయం వేరే ఉంది. తను తప్పు అంకె చెబితే ఎదురుగా నిలబడ్డ మనిషి మొహం వాడిపోతుంది. అదీ పదిమంది ముందు.

"గాజు థర్మామీటర్‌లో పాదరసం గీత నువ్వు బిడ్డకు పెట్టి దినానికి ఎన్నిసార్లు చూస్తావు?" తాయమ్మ అడిగింది.

"ఎన్నిసార్లో. పది, పదిహేను."

"లాక్టోమీటర్ కూడా అంతే. మూడు దినాలుండాయి. యోచన చెయ్."

ఆ మధ్యాహ్నం కొడుకు అమోఘ్‌ను నిద్రపుచ్చి ప్రేమ ఆ కొత్త సీరియల్ తొమ్మిదో ఎపిసోడు పెట్టుకుంది. రేవు పక్కన సందులో నత్తగుల్లలు అమ్ముకుంటూ ఒంటరిగా బిడ్డను పెంచే హేరిమ్ అనే పిల్ల కథ. డెయిరీలో ఆమెను హేరమ్మ అంటారు. ఈ ఎపిసోడులో బయట మంచు పడుతోంది, బిడ్డకు జ్వరం. హేరిమ్ వాణ్ణి రెండు బొంతల్లో చుట్టి, పొయ్యి ఎగదోసి, గుండెలకు అదుముకుని కూర్చుంది. వెనక పాట. కెమెరా ఆమె మొహం మీదికే వచ్చి నిలిచింది.

పోయినేడాది అమోఘ్‌కు జ్వరం వచ్చినప్పుడు ప్రేమ చేసింది సరిగ్గా అదే. కంబళి తెచ్చి తలదాకా కప్పింది, కిటికీలు మూసింది. కాసేపటికి వాడి కళ్ళు పైకి పోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. మొగుడు మునీంద్ర బండి మీద ఆసుపత్రికి తీసుకుపోయేసరికి వాడు తేరుకున్నాడు. అక్కడి నర్సు కంబళిని లాగి పక్కన పడేసి, "ఒళ్ళు కాలిపోతా ఉంటే ఇది కప్పితే ఎట్లమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు. ఆ మాట ప్రేమ చెవిలోనే ఉండిపోయింది. మర్నాడే గాజు థర్మామీటర్ కొన్నది.

వీడియో ఆపేసింది. కింద వందల కామెంట్లు. కన్నడ బడిలో చదివినా, తెలుగు అక్షరాలు వాటికి దగ్గరే గనుక కూడబలుక్కుని చదవగలదు. 'అమ్మంటే ఇలా ఉండాలి.' 'ఏడ్చేశాను, పదికి పది.' ఒకామె అయితే, తన చెల్లెలికి ఈ సీను చూపించాలంటోంది.

ప్రేమకు ఒళ్ళు మండింది. మైకు గుర్తు నొక్కి మాట్లాడింది. ఆమె మాటల్ని ఫోనే రాసిపెట్టింది.

'జ్వరం వచ్చిన బిడ్డకు బొంతలు కప్పొద్దండి. నేను కప్పినాను, ఫిట్స్ వచ్చింది. ఇది చూసి ఎవురైనా నేర్చుకుంటే ఆ పాపం ఎవురిది. పదికి పది వేసినవాళ్ళకు బిడ్డలు లేరా. ఈ సీరియల్‌కు ఒక స్టార్.'

ఐదు స్టార్లలో ఒక్కటే నొక్కి, కామెంటు వేసేసి, ఫోను బియ్యం డబ్బా మీద బోర్లించి పెట్టింది. జన్మలో ఆమె ఊరికంతా వినిపించేలా ఒక మాట అనడం అదే మొదలు. సాయంత్రం దాకా ఒకలాంటి హుషారుగా పనులు చేసుకుంది.

మర్నాడు చూస్తే కింద నలభై మూడు జవాబులు. 'డ్రామా ఆంటీ ఇది, డాక్టర్ క్లాసు కాదు.' 'చూడకుండానే రేటింగ్ ఇచ్చే బ్యాచ్ వచ్చేసింది.' ఎక్కువ మంది అడిగింది మాత్రం ఒకటే: 'మీరు పదో ఎపిసోడు చూశారా? చూసి మాట్లాడండి.'

ఆమె చూడలేదు. తొమ్మిది, పది ఎపిసోడులు రెండూ ఒకే రోజు వచ్చాయి. ఒకటి చూసి ఆపేసింది.

ఆ పొద్దున వరసలో ప్రేమ ఎవరి మొహమూ చూడకుండా నిలబడింది. కామెంటు పక్కన తన ఫోటో ఉంది, అమోఘ్‌ను ఎత్తుకుని. ఎవరైనా గుర్తుపడితే, వెతుక్కుంటూ వస్తే, పోలీసులకు చెబితే అని రాత్రంతా ఏవేవో ఊహించుకుంది. పోలీసుల దాకా పోలేదు గానీ, విషయం చౌడమ్మ దాకా వచ్చేసింది.

"ఏమ్మా ప్రేమా, ఇరవై నాలుగేళ్ళకే ఆంటీ అయిపోతివే. నన్ను చూస్తే ఆ హైదరాబాదోళ్ళు ఏమంటారో."

ప్రేమ కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి చౌడమ్మే గతుక్కుమంది. "అయ్యో, సుమ్నే, ఊరికే అన్నాను. ఏడిస్తే నాకు బేజారవుతాది. నువ్వు జ్వరం సంగతి చెప్పింది నిజమే గదా."

"జ్వరం సంగతి నిజమే అక్కా," అంది చిత్ర ఫోను చూస్తూ. "పదో ఎపిసోడులో ఆ బిడ్డకు ఫిట్స్ వస్తాది. బొంతలు కప్పింది తప్పని దాంట్లోనే చెప్తారు. ప్రేమ చెప్పిందే ఆ కథ కూడా చెప్పింది. మనమ్మాయి ఒక్క ఎపిసోడు ముందు చెప్పేసింది, అంతే."

ప్రేమకు నేలలోకి కుంగిపోయినట్లయింది. తప్పు అంకె. పదిమంది ముందు కాదు, ఎన్ని వేల మంది ముందో. "అందుకే అత్తా," అంది తాయమ్మతో. "అందుకే నా పేరు చెప్పొద్దు. సీరియల్‌కే సరిగ్గా వేయలేకపోతిని. పాలకేమి వేస్తాను."

తాయమ్మ ప్రేమ క్యాన్ ముందుకు లాక్కుని, కడ్డీ దించి అడుగునుంచి పైకి, పైనుంచి అడుక్కి నాలుగుసార్లు కలియబెట్టింది. అప్పుడు గరిటెతో ముంచింది.

"ఇది ఎందుకు చేస్తాను?"

"పాలు నిలిచి ఉంటే మీగడంతా పైకొస్తాది."

"ఆఁ. పైన ముంచితే ఒక ఫ్యాట్, అడుగున ముంచితే ఇంగో ఫ్యాట్. నువ్వు కలియబెట్టకుండా శాంపుల్ తీసినావు. పదికి పది వేసి ఏడ్చినోళ్ళూ అదే చేసినారు, వాళ్ళకు మీగడ తగిలింది. చేతకానిదానివి కాదు. తొందర పడినావు."

"తొందర కాదు అత్తా." ప్రేమ అమోఘ్ జుట్టు సర్దింది. "పదోదాంట్లో ఏమవుతాదో నాకు తెలుసు. చూడలేక ఆపేసినాను."

క్యాన్ మూత పెడుతూ చౌడమ్మే అంది. "సాయంత్రం పాలు పోసినాక అందరం ఇక్కడే కూర్చుందాం. పాల లారీ వచ్చేదానికి గంట టైముంటాది. ఎవురూ ఇంటికి పోయేది లేదు."

ఆ సాయంత్రం శాంపుల్ సీసాల స్టాండుకు చిత్ర ఫోను ఆనించి పెట్టారు. ఏడుగురు ఆడవాళ్ళు బోర్లించిన క్యాన్ల మీద కూర్చున్నారు. ప్రేమ ఒళ్ళో అమోఘ్ బిస్కెట్ చప్పరిస్తున్నాడు. తెర మీద బిడ్డ కళ్ళు పైకి పోగానే ప్రేమ మొహం తిప్పుకుంది. చౌడమ్మ చెయ్యి వచ్చి ఆమె భుజం మీద పడింది, బరువుగా, పేడ వాసనతో. హేరిమ్ మంచులో చెప్పులు లేకుండా పరుగెత్తింది. ఆసుపత్రిలో బొంతలు తీసేశారు. బిడ్డ తేరుకున్నాడు.

ప్రేమను పట్టేసిన ఘట్టం ఆ తర్వాత వచ్చింది. ఇంటికి చేరాక హేరిమ్ ఆ బొంతల్ని మడత పెట్టింది. బీరువా తెరిచింది, లోపల పెట్టలేకపోయింది. మళ్ళీ విప్పి మడిచింది. చివరికి ఎత్తుకుపోయి, వలలు ఆరేసే కొట్టంలో ఒక మూల పెట్టి, తలుపు దగ్గరికి లాగి వచ్చేసింది. పాట లేదు. ఏడుపూ లేదు.

ప్రేమ కూడా అంతే చేసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ కంబళిని తీసుకుపోయి దూడ మీద కప్పేసింది. అది ఇప్పటికీ పశువుల కొట్టంలోనే ఉంది. ఎందుకని మునీంద్ర అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎక్కడి కొరియా. ఈ కథ రాసిన మనిషికి ఎవరో ఒక తల్లి చెప్పి ఉండాలి, లేకపోతే రాసిన మనిషే ఆ తల్లి అయి ఉండాలి.

"ఎంత వేస్తావు?" అంది తాయమ్మ.

"నాలుగు పాయింట్ రెండు అత్తా."

"నాలుగున్నర వేయరాదా, ఇంత ఏడిపించినాక," అంది చౌడమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"తొమ్మిదోదాంట్లో బొంతలు కప్పేటప్పుడు ఆ పాట పెట్టింది తప్పే అక్కా. అక్కడే ఆపేసినోళ్ళు నాలాగ ఎంతమంది ఉంటారో. దానికి తగ్గించినాను."

తాయమ్మ చిత్రను చూసి తల ఊపింది.

స్టార్లు మార్చడం చిత్ర చూపించింది. ఒకటి పోయి నాలుగు పడ్డాయి. "పాత కామెంటు తీసేద్దామా? తిట్లన్నీ దాంతోనే పోతాయి," అంది.

ప్రేమ బల్ల మీది రిజిస్టరు వైపు చూసింది. తాయమ్మ ఆ పుస్తకంలో ఎప్పుడూ రబ్బరు వాడదు, వైట్‌నరు పూయదు. తప్పు పడితే దాని మీద ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, సంతకం చేస్తుంది. కొట్టేసిన అంకె కింద కనబడుతూనే ఉంటుంది.

"వద్దు చిత్రక్కా. అది ఉండనీ." మైకు నొక్కింది. 'పైన ఒక స్టార్ వేసింది నేనే. పదో ఎపిసోడు చూడకుండా వేసినాను, భయమై. ఇప్పుడు చూసినాను. నాలుగు స్టార్లు. జ్వరం బిడ్డకు బొంతలు కప్పొద్దని చెప్పింది మాత్రం మార్చేది లేదు. కథ బాగుండాది. తొమ్మిదితో ఆపేసినోళ్ళు దయచేసి పది కూడా చూడండి.'

లారీ వచ్చేలోపు ఒక జవాబు వచ్చింది. కడపనుంచి ఎవరో. 'మా పాపకూ జ్వరంలో ఫిట్స్ వచ్చాయి, నేనూ తొమ్మిది దగ్గరే ఆపేశాను అక్కా. ఈ రోజు చూస్తాను.' ప్రేమ దాన్ని కూడబలుక్కుని రెండుసార్లు చదివింది. తర్వాత చిత్రను అడిగింది.

"పాలు పరీక్ష చేసేదానికి కోలారులో ట్రైనింగు ఎన్ని దినాలు?"

"ఐదు. పొద్దున పోయి సాయంత్రం వచ్చేయొచ్చు."

"ఆండర్సన్‌పేట నుంచి మా అమ్మను పిలిపించుకుంటా. వీణ్ణి చూసుకుంటాది." అంటూనే వాడి మెడ మీద చెయ్యి పెట్టి చూసింది. "ఆమెకు థర్మామీటర్ చూసేది నేర్పించి పోతాను."

తాయమ్మ లాక్టోమీటర్‌ను బట్టతో తుడిచి బల్ల మీద ప్రేమ వైపు పెట్టింది. "మీటింగు సోమవారం. చేతికి ఇప్పుడే అలవాటు చేసుకో. ఆలస్యంగా వచ్చినోళ్ళు ఇద్దరుండారు, చౌడమ్మ రెండో క్యాన్ కూడా అట్లే ఉండాది."

ప్రేమ అమోఘ్‌ను దాణా మూట మీద కూర్చోబెట్టింది. చౌడమ్మ క్యాన్ కలియబెట్టి, ముంచి, గాజు గొట్టంలో పోసి లాక్టోమీటర్ వదిలింది. అది మునిగి తేలి, ఊగి, నిలిచింది. చదివి, రాసింది. "ఇరవై ఏడు." ఇరవై ఎనిమిదికి తగ్గితే నీళ్ళు కలిసినట్టు లెక్క.

"ఇరవై ఏడా?" చౌడమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నీళ్ళు పోసినానని నా మొగం మీదే చెప్తావా?"

తాయమ్మ కదల్లేదు, చిత్ర కూడా. ప్రేమ వంగి, గీతకు సరిగ్గా కన్ను ఆనేలా మోకాళ్ళ మీద కూర్చుంది. పైన నురగ కట్టి ఉంది. దాన్ని మెల్లగా ఊది, నిలిచేదాకా ఆగి, మళ్ళీ చూసింది.

"ఇరవై ఎనిమిది, అక్కా. నురగ అడ్డముండె. నాదే తప్పు."

ఏడు మీద ఒక గీత గీసి, పక్కన ఎనిమిది వేసి, కింద పొడి అక్షరాల్లో సంతకం పెట్టింది.

"మొదటి దినమే కొట్టివేత," అంది చౌడమ్మ అందరికీ వినబడేలా. పాలు పోసేసి ఖాళీ క్యాన్ ఎత్తుకుని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "పదకొండోది రేపు చూసి రా. పూర్తిగా చూసి రా."

"చూస్తానక్కా," అంది ప్రేమ లాక్టోమీటర్ కడుగుతూ. "ఇంగెవురుండారు? క్యాన్ ముందుకు పెట్టండి."