మట్టి లోపలి నడక

పాలకోడు దగ్గర టమాటా పండించే మునియప్పకు తన బావి నీళ్ళంటే గర్వం. వీధంతా అవే తాగేది. ఎగువన ఉన్న అద్దకం షెడ్డు మూతబడ్డాక దాని మురికిగుంటను అందరూ మరిచిపోయారు, అతని మనవరాలు సత్యప్రియ తప్ప. మట్టిలో నీళ్ళు ఎలా నడుస్తాయో కంప్యూటరులో లెక్కగట్టడమే ఆమె చదువు.

సెలవులకు వచ్చి, చేలన్నీ తిరిగి మట్టి సేకరించిన ఆమె, ఒక సాయంత్రం తాతకు తెర మీద బొమ్మ చూపించింది. గుంట అడుగు నుంచి ఎర్రటి మరక ఒకటి, వాన కురిసినప్పుడల్లా బావి వైపు కొంచెం కొంచెం జరుగుతోంది.

"నీళ్ళు తియ్యగానే ఉండాయి గదమ్మా," అన్నాడు మునియప్ప.

"గుంటలో ఇంకిన అద్దకం ఉప్పు ఇంకా దోవలో ఉంది తాతా. గుంటకీ బావికీ నడుమ తవ్వించి చూడు. పైమట్టిలో ఏమీ ఉండదు. రెండు నిలువుల లోతులో దొరుకుతుంది."

మర్నాడే తవ్వించాడు. తోడిన మట్టిని సత్యప్రియ నీళ్ళలో కలిపి ఉప్పును కొలిచే మీటరు ముంచుతూ వచ్చింది. పైమట్టి శుభ్రంగా ఉంది. ఆమె చెప్పిన లోతు రాగానే మీటరులో అంకె ఎగబాకింది.

మునియప్ప ఆ మట్టిని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తను జన్మంతా దున్నిన నేల కడుపులో ఏముందో, ఈ పిల్ల తవ్వకుండానే చెప్పింది.

వానలకు ముందే ఊరివాళ్ళు గుంటలోని మురికి ఎత్తించి, వాననీరు దిగకుండా పైన కప్పించారు. వానాకాలం దాటినా బావినీళ్ళు చెడలేదు. ఆ ఏడు మండీలో ఎవరు కలిసినా మునియప్ప టమాటా ధర సంగతి తరువాత ఎత్తేవాడు.

"మా పిల్లకి మట్టి లోపల కూడా కనిపిస్తాదప్పా," అనేవాడు ముందుగా.