బొట్టు కింది గీత

నేను ఒక మోటారు సైకిలు వెనక చక్రాన్ని. ఊచల చక్రాన్ని కాదు, కరిగిన అల్యూమినియాన్ని అచ్చులో పోసి తీసిన చక్రాన్ని. అచ్చులోంచి బయటపడ్డాక నన్ను నున్నగా చెక్కారు, ఒంటికి నల్ల రంగు వేశారు, అంచును మాత్రం అద్దంలా మెరుగు పెట్టారు. దుమ్ములో దొర్లడానికి పుట్టినదాన్ని అంతగా ఎందుకు మెరిపించారో నాకు తెలియదు. రోడ్డుకు నా మెరుపుతో పని లేదు.

నన్ను కొన్నవాడు తవిటినాయుడు. బొబ్బిలి దగ్గరి పల్లెలో పుట్టి సైన్యంలో చేరినవాడు. సెలవులకు వచ్చినప్పుడే బండి తీసేవాడు. నడిపినసేపు తక్కువ, తుడిచినసేపు ఎక్కువ. సెలవు అయిపోయి వెళ్ళేముందు బండి తాళం అక్క మొగుడు రామినాయుడి చేతిలో పెట్టాడు. పెట్టినవాడు వెంటనే వదల్లేదు.

"అక్క మొహం సూసి ఇస్తన్నాను బావా. నా సైకిల్ని ఏటి సేసేవో నాకింకా గుర్తుంది. దీని మీద గీత పడిందంటే మల్లా నా వస్తువు ముట్టకు."

"ఓరి నీ అనుమానం పాడుగాను! సంటిపిల్లలాగ సూస్తాన్రా," అన్నాడు రామినాయుడు.

అలాగే చూశాడు. మట్టిదారి వస్తే దిగి నడిపించుకుంటూ వెళ్ళేవాడు. వెనక బియ్యం బస్తా పెడతానన్న భార్యను బస్సులో పంపాడు. తమ్ముడి బండి మీద మొగుడికి ఉన్న ప్రేమ తన మీద లేదని ఆవిడ వీధిలో చెప్పుకునేది. అది ప్రేమ కాదు. బామ్మర్ది ముందు ఒక్కసారైనా మాట నెగ్గించుకోవాలన్న పంతం.

దసరాకు తవిటినాయుడు వస్తున్నాడనగా, రోడ్డు పక్కన పడి ఉన్న రేకుముక్క నా టైరు పక్కను చీల్చేసింది. అతుకు పడే చోటు కాదు. రామినాయుడు కొత్త టైరు కొన్నాడు, ఇంట్లోనే నన్ను బండి నుంచి విప్పాడు, ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో టైరును పట్టుకుని ఆటో ఎక్కాడు. టైరు దొరకడం తేలికే. గీత పడకుండా ఎక్కించేవాడు దొరకడమే కష్టమైంది.

మొదటి షాపులో గోడకు ఆనించిన చక్రాలను చూశాడు. అంచులన్నీ ఎలుకలు కొరికినట్టున్నాయి. వెనక్కి తిరిగాడు. రెండో షాపతను టైరును అంచు నుంచి పెకలించే రెండు ఇనుప కమ్మీలు పట్టుకుని లేచాడు.

"గీత పడకూడదు," అన్నాడు రామినాయుడు.

"గీత పడకుండా ఎక్కించాలంటే మంత్రాలు రావాల బాబూ. నాకు రావు."

టైర్లు ఎక్కించే మిషను ఉన్న పెద్ద షాపుకు వెళ్ళాడు. మిషను కొక్కేనికి ఉండవలసిన ప్లాస్టిక్ తొడుగు ఎప్పుడో ఊడిపోయిందట. తొడుగు వచ్చాక వస్తానన్నాడు. అది రాలేదు, దసరా వచ్చేసింది. సాయంత్రం రైలుకు బామ్మర్ది దిగుతాడు.

పండగపూట తెరిచి ఉన్న షాపు పైడిరాజుది ఒక్కటే. తెరిచి ఉందన్నమాటే గాని, లోపల కమ్మీలు, స్పానర్లు, సుత్తులు అన్నీ అమ్మవారి పటం ముందు పసుపు కుంకుమలతో వరసగా పడుకుని ఉన్నాయి.

"ఆయుధపూజలో పెట్టీసేను బాబూ. రేపు పొద్దున్న దాకా ఇనుము ముట్టను," అన్నాడు పైడిరాజు.

రామినాయుడు నన్ను గుండెకు హత్తుకున్నంత పని చేశాడు. "ఇనుము ముట్టనోడి కోసమే కదా నాను ఊరంతా తిరగతన్నాను!"

పైడిరాజుకు ముందు అర్థం కాలేదు. అయ్యాక పడీ పడీ నవ్వాడు. "అయితే నువ్వూ తొక్కాల మరి. నా ఒక్కడి బరువు సాలదు."

గోనెసంచి పరిచి నన్ను పడుకోబెట్టారు. చీలిన టైరును ఇద్దరూ మడమలతో తొక్కితే అంచు వదిలింది. సబ్బునీళ్ళు పోసి, పాత చీర చింపి పేనిన తాడు కట్టి లాగితే ఊడి వచ్చింది. కొత్తదానికీ అలాగే సబ్బునీళ్ళు పట్టించి, తాడుతో బిగించి, మోకాళ్ళు వేసి నొక్కారు. ఇద్దరూ చెమటతో, నురగతో తడిసిపోయారు. టైరు జారి నాలో కూర్చుంది.

"గాలి?" అన్నాడు రామినాయుడు. "గాలిమిషను పూజలో లేదా?"

"లేదు. పండగనాడు పూజ సెయ్యనోడుంటాడు గానీ గాలి అడగనోడు ఉండడు."

గాలి నిండింది. రామినాయుడు నన్ను గుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి, ఆగిపోయాడు. మెరిసే అంచు మీద వేలెడు పొడవున గీత. ఇనుము గీసింది కాదు. సబ్బుకు వదులై రామినాయుడి వేలి మీద తిరిగిపోయిన కెంపు ఉంగరం గీసింది. పెళ్ళిలో అత్తవారు పెట్టిన ఉంగరం.

పైడిరాజు ఉంగరాన్ని చూశాడు, గీతను చూశాడు. "నాను ఇనుము ముట్టలేదు బాబూ," అన్నాడు మెల్లగా.

రామినాయుడు లేచి, అమ్మవారి ముందున్న పళ్ళెంలో తడి పసుపు తీసి గీత పొడవునా రాసి, దాని మీద కుంకుమ పెట్టాడు.

ఇంటికి తెచ్చి నన్ను బండికి బిగించాడు. సాయంత్రం స్టేషను బయట తవిటినాయుడు పెట్టె దించి ముందు నా దగ్గరే కూర్చున్నాడు. "పూజ కూడా సేయించీసినావేటి బావా!" అని బొట్టును తాకి కళ్ళకద్దుకున్నాడు. రామినాయుడి ఉంగరమున్న కుడిచెయ్యి జేబులో ఉంది. ఇల్లు చేరేదాకా బామ్మర్దే నడిపాడు.

మర్నాడు తవిటినాయుడు బండి కడిగాడు. పసుపు కరిగిపోయింది. అతని వేలు గీత మీద ఆగింది, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. అరుగు మీద బావ పేపరు పట్టుకున్నాడు గాని చదవడం లేదు. వేలికి ఎప్పుడూ ఉండే ఉంగరం ఆ రోజు లేదు, దాని తెల్లటి జాడ మాత్రమే ఉంది.

తవిటినాయుడు ఆ వేలి వంక చూశాడు. "అక్కా, రవ్వంత పసుపు ఇలా తే," అని కేకేశాడు. తెచ్చిన పసుపును గీత మీద, అదే పొడవున రాశాడు. సెలవు అయ్యాక తాళం మళ్ళీ బావ చేతిలో పెట్టాడు. ఈసారి వెంటనే వదిలేశాడు.

ఏళ్ళ తర్వాత ఆ బండి తుక్కుకు వెళ్ళింది. నేను పైడిరాజు షాపులో గోడకు ఆని ఉన్నాను. నా అంచు మీద ఇప్పుడు చాలా గీతలున్నాయి, ఎవరూ లెక్కచేయరు. దసరాకు పనిముట్లతో పాటు నాకూ బొట్టు పెడతారు. ఎక్కడ పెట్టాలో పైడిరాజుకు తెలుసు.