గడ్డి మాది, ఇల్లు మీది

షిమ్మి వాగు రంపపు మిల్లును ఎత్తుకుపోయిన ఏడు అది. మా స్టైన్‌మాట్‌లో ఏ సంగతి చెప్పినా ఆ ఏటికి ముందా, తర్వాతా అని అడుగుతారు. నా సంగతి సరిగ్గా ఆ ఏడే జరిగింది.

ఆగస్టులో రోజుల తరబడి వాన వదల్లేదు. ఒక సోమవారం మధ్యాహ్నం కొండ మీది మట్టి, బండలు, వేళ్ళతో సహా చెట్లు అన్నీ కలిసి దిగాయి. మిల్లు పోయింది. వంతెన పోయింది. ఊరి అధ్యక్షుడు ఎగ్లి కొత్త కారు చర్చి కింద వెల్లకిలా పడి కనిపించింది. మా ఇంటికి ఏమీ కాలేదు. నీళ్ళు తీశాక చూస్తే కోళ్ళు కూడా ఉన్నాయి. వాగు మాత్రం చోటు మారింది. అంతకుముందు అది మా పెరటి వెనక పారేది. ఇప్పుడు వాకిటి ముందు పారుతోంది.

వాగుకు ఇవతల మా ఊరు స్టైన్‌మాట్, ఒక రాష్ట్రంలోది. అవతలి ఊరు హోల్జ్‌రీడ్, ఇంకో రాష్ట్రంలోది. మధ్య హద్దు వాగే. పాత దస్తావేజులో అలాగే ఉందట. గట్టు మీద హద్దు రాళ్ళు కూడా ఉండేవి. అవీ కొట్టుకుపోయాయి.

నా భార్య ఎర్మెలిందా వాకిట్లో నిలబడి కాసేపు వాగును చూసింది.

"రాష్ట్రం మారిపోయామయ్యా," అంది. "సామాను సర్దే పని కూడా లేకుండా."

నవ్వాను. అప్పటికి నవ్వే మాటగానే ఉంది.

పోర్చుగల్ నుంచి స్విట్జర్లాండ్ వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. అన్నేళ్ళూ స్టైన్‌మాట్‌లోనే ఉన్నాం. ఊరి రోడ్లు చూసేది నేను. వేసవిలో కాలవలు తీస్తాను, చలికాలంలో మంచు తోసి ఉప్పు చల్లుతాను. గ్రామసభ ఉన్న రోజు హాల్లో బెంచీలు వేసేది, అయ్యాక తీసేది కూడా నేనే. ఓటున్న వాళ్ళు ముందు కూర్చుంటారు. ఓటు లేని వాళ్ళకు తలుపు పక్కన ఒక బెంచీ ఉంటుంది. దాన్ని నేనే వేసి నేనే కూర్చుంటాను. నీటి పన్ను పెంచాలా, బడి పైకప్పు మార్చాలా, పెంటకుప్ప ఎక్కడ వెయ్యాలి, అన్నీ అక్కడ చేతులెత్తి తేలుస్తారు. అన్నేళ్ళలో ఆ హాల్లో నేను ఎత్తినవి బెంచీలే.

ఒక్కసారి చెయ్యెత్తాలని ఉండేది. ఏ పైకప్పుకైనా సరే. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టింది అందుకే. పాస్‌పోర్టు కోసం కాదు. అది నాకు ఒకటి ఉంది, దాన్ని పట్టుకుని నేను వెళ్ళే చోటేమీ లేదు.

పౌరసత్వం ముందు ఊరివ్వాలి, ఆ పైన రాష్ట్రం, ఆ పైన దేశం. దేశానికి అంత పట్టింపు ఉండదు. ఊరికే ఉంటుంది. ఆ వేసవి మొదట్లో ఊరి సంఘం ఒకటి నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది. సంఘంలో అందరి గుమ్మాల ముందూ మంచు తోసింది నేనే. అయినా ఈ ఊళ్ళో నిన్నెవరెరుగుదురు అని అడిగారు. ఖాళీ సీసాలు ఏ పూట పడేస్తావు, ఆదివారం గోడకు మేకు కొట్టవచ్చా అని అడిగారు. నలుగురూ ఒకే గిన్నెలో కరిగిన జున్ను తింటుంటే నీ రొట్టెముక్క అందులో జారిపడింది, ఏం చేస్తావని ఒకాయన అడిగాడు. తీసుకుని తింటానన్నాను. రాసుకున్నాడు. తప్పో ఒప్పో చెప్పలేదు. కొన్నాళ్ళకు సంఘానికి అభ్యంతరం లేదని తెలిసింది. ఇక నవంబరు గ్రామసభలో ఊరు నా కోసం చేతులెత్తడమే మిగిలింది.

ఈలోగా వాగు వచ్చింది.

సెప్టెంబరులో ఊరి ఆఫీసు గుమాస్తా ఫ్రూటిగర్ కబురు చేశాడు. మంచివాడు. నేను వెళ్ళేసరికి కాఫీ పోసి ఉంచాడు. ఇక్కడ చెడ్డ మాట చెప్పే ముందు కాఫీ ఇస్తారు. మంచి మాటయితే గుమ్మంలోనే చెప్పి పంపుతారు.

"నువ్వు రాష్ట్రం మారావు, అదెలీనో," అన్నాడు.

నేను మారలేదని, వాగు మారిందని చెప్పాను.

"నాకు తెలీదా? కానీ కాగితం వాగు సంగతి అడగదు. మనిషి ఈ రాష్ట్రంలో ఉన్నాడా లేడా అనే అడుగుతుంది. ఏం రాయమంటావు?"

ఊరు ఒప్పుకోకముందే రాష్ట్రం మారితే దరఖాస్తు పోతుంది. కొత్త రాష్ట్రంలో ఐదేళ్ళు కాపురం ఉండి మళ్ళీ మొదలుపెట్టుకోవాలి. నాకప్పుడు అరవై రెండు. హద్దు తేలేదాకా నా దరఖాస్తును పక్కన పెడతాను గాని కొట్టెయ్యనని ఫ్రూటిగర్ మాటిచ్చాడు. తర్వాత రెండో కప్పు కూడా పోశాడు. నాకు భయం వేసింది అప్పుడే.

హోల్జ్‌రీడ్ ఆఫీసుకు కూడా వెళ్ళాను. అక్కడ విర్ష్ అని ఒకావిడ ఉంది. మీ ఇంటికి మా నీళ్ళ గొట్టం లేదు, మా పన్నుల్లో మీ పేరు లేదు, కాబట్టి ఆ ఇల్లు మా దగ్గర లేదు అని చెప్పింది. అంతవరకు సబబే. కానీ స్టైన్‌మాట్ వాళ్ళంతా ప్రొటెస్టెంట్లు, అన్నేళ్ళూ నేను వాళ్ళకు 'ఆ కేథలిక్కు'ను. హోల్జ్‌రీడ్ మొత్తం కేథలిక్కులు. పోనీ సొంత మందలోకి వచ్చాను కదా అనుకున్నాను. విర్ష్ నన్ను ఎగాదిగా చూసి, "ఓహో, మీరు ఆ ప్రొటెస్టెంట్ల ఊరివారా," అంది.

మా ఇంటి చుట్టూ ఉన్నది స్టైన్‌మాట్ ఊరుమ్మడి మేత భూమి. కొండకింద ఎండ తగిలే నేల, మంచి గడ్డి. మేత భూమి ఎంత ఉంటే ప్రభుత్వం నుంచి అంత సాయం వస్తుంది. వాగు నాతోపాటు దాన్నీ అవతలికి నెట్టింది. రెండు ఊళ్ళవాళ్ళూ తమ తమ రాష్ట్ర రాజధానులకు రాస్తే, మీరూ మీరూ తేల్చుకోండి, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాం అని జవాబొచ్చింది.

అక్టోబరులో ఎగ్లి, హోల్జ్‌రీడ్ అధ్యక్షుడు ఇమ్‌హోఫ్, ఒక సర్వేయరు కలిసి మా వాకిట్లోకి వచ్చారు. ఎర్మెలిందా బల్ల వేసి కాఫీ పెట్టింది. అధ్యక్షులిద్దరూ పశువులున్నవాళ్ళే. గడ్డి మాదని దస్తావేజులో ఉందన్నాడు ఎగ్లి. దస్తావేజులో ఉన్నది వాగు, వాగు ఎక్కడ పారితే హద్దు అక్కడే అన్నాడు ఇమ్‌హోఫ్. గడ్డి దగ్గర ఇద్దరూ బల్ల గుద్దారు. ఇంటి మాట వచ్చేసరికి ఇద్దరికీ మర్యాద ముంచుకొచ్చింది.

"ఇల్లు కావాలంటే మీరు తీసుకోండి," అన్నాడు ఎగ్లి.

"అబ్బే, ఇల్లు మీదే కదండీ," అన్నాడు ఇమ్‌హోఫ్. "పాపం మీకు అలవాటైన మనిషి."

"అలవాటుదేముంది? మంచి పనివాడు. మీకూ రోడ్లున్నాయి."

"మా రోడ్లకు మా వాడున్నాడు."

ఇల్లు ఎవరిదైతే దాని ముందు వాగుకు అడ్డుగోడ కట్టించాల్సింది వాళ్ళే. లోపల మేమిద్దరం ఉన్నాం, ముసలివాళ్ళం అవుతున్నాం, అదొకటి. ఇదంతా నేను పక్కన నిలబడి ఉండగానే మాట్లాడుకున్నారు. సంతలో ఎద్దునైతే కనీసం పళ్ళు చూసి వద్దంటారు.

ఎర్మెలిందా కప్పులు తీస్తూ, "మా కోళ్ళు ఎవరివో కూడా తేల్చి వెళ్ళండి," అంది. "ఏ రాష్ట్రంలో పెట్టాలో తెలీక గుడ్లు మానేశాయి."

సర్వేయరు ఒక్కడే నవ్వాడు. ఉపాయం కూడా అతనికే తట్టింది. గడ్డంతా స్టైన్‌మాట్‌కు ఉంచి, ఇల్లూ పెరడూ చుట్టి ఒక గీత గీసి, ఆ లోపలిది మాత్రం హోల్జ్‌రీడ్‌కు ఇచ్చెయ్యవచ్చన్నాడు. పటంలో చిల్లు పడినట్టు కనబడుతుంది, కానీ ఈ దేశంలో అలాంటి చిల్లులు కొత్త కాదు అన్నాడు. ఇల్లు పుచ్చుకున్నందుకు హోల్జ్‌రీడ్‌కు కొండ మీద అడవి ముక్క ఒకటి ముట్టజెప్పాలి. ఇమ్‌హోఫ్ ఆ ముక్కలో ఏ చెట్లున్నాయని అడిగాడు. దేవదారు అన్నారు. అయితే సరేనన్నాడు.

నవంబరు గ్రామసభకు ఎప్పటిలాగే బెంచీలు వేశాను. నాలుగో అంశం హద్దు, హోల్జ్‌రీడ్ వాళ్ళు అప్పటికే ఒప్పుకున్నారు. ఐదో అంశం నేను. నాలుగు నెగ్గితే నేను ఆ ఊరివాణ్ణి కాను, ఐదు దానంతటదే రాలిపోతుంది. ఐదు ముందు వస్తే ఇంకా ఊరివాణ్ణే. అప్పుడు చేతులు లేస్తే ఊరు ఒప్పుకున్నట్టే, ఆ తర్వాత గీత ఎక్కడ గీసినా నాకొచ్చే నష్టం లేదు. ఈ మాట హాల్లో అందరికీ తెలుసు. దాన్ని పైకి అనడానికి ట్రూడి ఒక్కతే లేచింది.

ట్రూడి ఎగ్లికి మేనత్త. ఎనభై దాటాయి. అధ్యక్షుణ్ణి పేరు పెట్టి పిలిచేది ఆవిడే.

"ఒరేయ్ ఉయెలీ, ఐదోది ముందు పెట్టు. నాలుగోది తర్వాత పెట్టు," అంది. "గడ్డి ఎక్కడికీ పారిపోదు."

"అత్తా, అజెండా అచ్చయిపోయింది."

"అయితే ఏం? వాగు అజెండా చూసుకుని వచ్చిందా?"

వెనక బెంచీల్లో నవ్వారు. ఎగ్లి నవ్వలేదు. వరస మార్చాలంటే, మార్చాలా వద్దా అని ముందు చేతులెత్తాలి, అది నిబంధన అన్నాడు. ఎత్తమన్నాడు. ట్రూడి ఎత్తింది. బడి పంతులు ఎత్తాడు. రొట్టెల కొట్టు ఆవిడ, ఆవిడను చూసి ఆమె మొగుడు ఎత్తారు. ఫ్రూటిగర్ కలం బల్ల మీద పెట్టి మరీ ఎత్తాడు. ఆయన నుంచి నేను అది అనుకోలేదు. ఇంకా అక్కడక్కడ కొన్ని. వద్దనేవాళ్ళు ఎత్తమంటే హాలంతా చేతులే. అందులో చాలా చేతుల్ని మంచు గుంతల్లోంచి నేను పట్టుకుని పైకి లాగాను.

తర్వాత నాలుగో అంశం నెగ్గింది. గడ్డి దక్కినందుకు చప్పట్లు కొట్టారు. ఐదో అంశం దగ్గర ఎగ్లి కళ్ళజోడు పెట్టుకుని, అభ్యర్థి ఈ ఊరి నివాసి కానందువల్ల అంశాన్ని తొలగిస్తున్నామని చదివాడు. అభ్యర్థి తలుపు పక్కన కూర్చుని ఉన్నాడు.

సభ అయ్యాక ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. పెళ్ళిలో కూడా నాకు అంతమంది చెయ్యి కలపలేదు. మిల్లు పోగొట్టుకున్న బౌమన్ నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నీ మీద ఎవరికీ ఏం లేదోయ్. నీకు చెయ్యెత్తమంటే అందరం ఎత్తేవాళ్ళం. అజెండా మార్చడమంటేనే, అది... ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగుతుంది చెప్పు?"

నిజమేనన్నాను.

"ఈసారి దరఖాస్తు పెట్టినప్పుడు నీ అంశం పైకి వేయించుకో," అన్నాడు. మనసులో మాటే చెప్పాడు, ఎగతాళి కాదు.

చివర్న ఎగ్లి వచ్చాడు. సర్వేయరు నేల మీద రంగు గుర్తులు పెట్టి వెళ్ళాడని, రేపు వాటి వెంట గుంజలు పాతాలని చెప్పాడు. ఊళ్ళో గుంజలు పాతేది నేనే. పొద్దున్నే చూస్తానన్నాను.

ఇంటికి వెళ్ళి ఎర్మెలిందాకు చెప్పాను. పొయ్యిలో కట్టె తోసి, సూపు వేడి చేసింది. తినేటప్పుడు, "ఐదేళ్ళంటే నీకు అరవై ఏడు," అంది. నేను లెక్క వేసుకునే ఉన్నాను.

మర్నాడు పొద్దున ఊరి సుత్తి, ఊరి గుంజలు తీసుకుని మా ఇంటి చుట్టూ పాతాను. సర్వేయరు గుర్తుకు లోపలికి గాని బయటికి గాని జరపలేదు. కోళ్ళగూడు గీత మీద పడింది. ఎర్మెలిందా శాలువా కప్పుకుని వచ్చి చూసి, దాన్ని లోపలికి లాగమంది. లాగాను.

"దీనికి ఎంత సులువుగా అయింది చూడు," అంది.

చివరి గుంజ దిగుతుండగా ఎగ్లి గంబూట్లు వేసుకుని వచ్చాడు. గుంజల్ని ఒకటి రెండు ఊపి చూసి, గట్టిగా ఉన్నాయన్నాడు. ఈ రాత్రికి మంచు పెద్దగా పడుతుందట, తెల్లారకముందే బండి తియ్యి, ముందు బడి రోడ్డు చూడు అన్నాడు.

ఊరి రోడ్ల పని ఊరి నివాసికే ఇవ్వాలని స్టైన్‌మాట్‌లో నిబంధన ఉంది. వాళ్ళే చేతులెత్తి పెట్టుకున్నారు. నేను ఆ సంగతి గుర్తు చేశాను.

ఎగ్లి నన్ను చూశాడు, గుంజను చూశాడు.

"అదేముందోయ్. మనం మనం సర్దుకుందాం."

"అజెండాలో లేదు కదా," అన్నాను.

సుత్తిని గుంజకు అవతల, గడ్డిలో పెట్టాను. ఉప్పు బండి తాళాలు దాని మీద పెట్టాను. అవి ఊరివి. ఎగ్లి వాటిని చూస్తూ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. నేను లోపలికి వెళ్ళి చొక్కా మార్చుకున్నాను. మేత భూమికి అడ్డంగా, గడ్డి తొక్కుకుంటూ హోల్జ్‌రీడ్ దాకా నడిచాను. ఆఫీసులో విర్ష్ కిటికీ తెరిచి, ఈ రాష్ట్రానికి ఎప్పుడు వచ్చారని అడిగింది.

ఈవేళ పొద్దున్నేనని చెప్పాను. రాసుకుంది.