ఐదో నట్టు

మిట్టమధ్యాహ్నం. టైర్లక్క లారీ ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూస్తోంది. అంతలో రోడ్డు మీద ఇనుము రాళ్లను కొరుకుతున్న చప్పుడైంది. తలెత్తి చూస్తే తమ్ముడి కారు. ముందు ఎడమ చక్రానికి టైరు పేలికలై వేలాడుతోంది. రిమ్ము మీదే ఈడ్చుకుంటూ వచ్చి కారు షెడ్డు ముందు ఆగింది. నడుపుతున్నది తమ్ముడు కాదు, మరదలు. వెనక సీట్లో నాలుగేళ్ల మేనకోడలు చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

మరదలు దిగింది. పై పెదవి చీలి నెత్తురు గడ్డకట్టింది. మెడ చుట్టూ వేళ్ల అచ్చులు, ఎన్ని వేళ్లో చెప్పగలిగేటంత తేటగా ఉన్నాయి.

"వదినా, చక్రం మార్చి పెట్టండి. మా అన్నయ్య దగ్గరికి పోతున్నాను," అంది.

మిగతాదంతా నిలబడే చెప్పింది. పొద్దున వెళ్లిపోతానన్నందుకు మొగుడు గొంతు పట్టుకున్నాడు. కళ్లు తిరిగి పడిపోయింది. లేచి బయటికొచ్చేసరికి అతను స్క్రూడ్రైవరుతో టైరు పొడుస్తున్నాడు. చక్రం మార్చుకుంటుందేమోనని, తాళం నట్టు విప్పే బిళ్లను ఆమె కళ్లముందే మురుగుకాలవలో పారేసి, ఇప్పుడెక్కడికి పోతావో పో అని పనికి వెళ్లిపోయాడు. బస్సెక్కి లాభం లేదు. కిందటేడు బస్సు నిండా జనం చూస్తుండగానే జుట్టు పట్టి దింపాడు.

ఆ తాళం నట్లు చక్రానికొకటి చొప్పున బిగించింది టైర్లక్కే. వీధిలో చక్రాలు దొంగలెత్తుకుపోతున్నారని తమ్ముడు అంటే తానే తెప్పించి వేసింది. షెడ్డులో ఎవరు తొందరపెట్టినా "తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే" అని వరుసలో నిలబెట్టే మనిషి ఆమె. అసలు తమ్ముడి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ మాట ఏనాడూ గుర్తు రాలేదు. చిన్నప్పుడు తండ్రి బెల్టు తీస్తే వాణ్ణి పాత టైర్ల మధ్య దాచి, తాను వీపు అప్పగించేది. వాడి మీద ఈగ వాలనిచ్చేది కాదు.

"నువ్వు లోపల కూర్చో. వాణ్ణి పిలిచి గడ్డి పెడతాను," అంది టైర్లక్క.

"పోయినసారీ పెట్టారు వదినా. తిన్నాడు, అరిగించుకున్నాడు."

 టైర్లక్క ఆ మెడ వంక చూసింది. తర్వాత పానా తీసుకుని చక్రం ముందు కూర్చుంది.

నాలుగు నట్లు మారాం చేయకుండా వదులయ్యాయి. ఐదోదే తాళం నట్టు. గుండ్రంగా, నున్నగా, పానాకు చిక్కకుండా ఉంది. తలలో పువ్వు ఆకారపు గాడి. దాన్ని పట్టే బిళ్ల కాలవ పాలైంది. టైర్లక్క సాకెట్ల డబ్బా నేల మీద గుమ్మరించి, నట్టు కంటే వెంట్రుకవాసి చిన్నదాన్ని ఏరింది. నట్టు మీద ఆనించి సుత్తితో నాలుగు దెబ్బలు వేసింది. పొడవాటి రాడ్డు తగిలించి లాగితే నట్టు పైతొడుగు ఒక్కటే గిర్రున తిరిగింది, లోపలిది కదల్లేదు. చెయ్యి జారి రిమ్ముకు కొట్టుకుని వేళ్ల కణుపుల తోలు ఊడింది. బూతు మాట ఒకటి పళ్ల మధ్యే నలిపేసి ఉలి అందుకుంది. తొడుగును చీల్చి, ఒలిచి పారేసింది. లోపలి నట్టు మీదికి ఇంకా చిన్న సాకెట్టు ఎక్కించి, అది కరుచుకునేదాకా సుత్తితో మోదింది. రాడ్డుకు పైపు తొడుగుతుండగా మోటారుసైకిలు వచ్చి ఆగింది.

రిమ్ము చప్పుడు వీధంతా విన్నది. ఎవరో ఒకరు ఫోను చేసే ఉంటారు. మరదలు చప్పున కారెక్కి తలుపులు బిగించుకుంది.

"అక్కా, అది మా ఇంటి గొడవ. నువ్వు లే," అన్నాడు తమ్ముడు. గొంతు మెత్తగానే ఉంది.

లేవనని చెప్పింది టైర్లక్క. అతను కింద పడున్న జాకీ కమ్మీ తీసుకుని డ్రైవరు వైపు అద్దం మీద ఒక్కటిచ్చాడు. అద్దం పేలాల్లా రాలింది. చెయ్యి లోపలికి దూర్చి భార్య జుట్టు పట్టి కిటికీలోంచి నడుము దాకా లాగాడు. తలుపు అంచున మిగిలిన గాజు ఆమె చేతిని మోచేయి దాకా చీల్చింది. వెనక సీట్లో పిల్ల చెవులు మూసుకుంది.

టైర్లక్క వెనక నుంచి అతని చొక్కా పట్టి గుంజింది. అతను తిరిగి పిడికిలితో ఆమె నోటి మీద గుద్దాడు. పుట్టిన తర్వాత అక్క మీద చెయ్యెత్తడం అదే మొదలు. ముందు పన్ను విరిగి నాలుక మీద పడింది. ఆమె వెల్లకిలా పడి లేచేసరికి అతను భార్యను నేలకీడ్చి, గుండెల మీద మోకాలు పెట్టి, పొద్దున వదిలేసిన గొంతునే మళ్లీ పట్టుకున్నాడు. మరదలి కాళ్లు గాజుముక్కల్లో కొట్టుకుంటున్నాయి.

టైర్లక్క సుత్తి తీసుకుంది. తమ్ముడి తల ఎదురుగా ఉంది. ఒక్క క్షణం దాని వైపే చూసింది కూడా. ఆపైన మణికట్టు మీద కొట్టింది. ఎండు పుల్ల విరిగినట్టయింది. అతను అరుస్తూ పక్కకు దొర్లాడు. మరదలు దగ్గుతూ, పాకుతూ కారు చాటుకు పోయింది. అతను మాత్రం ఊరుకోలేదు. విరిగిన చేతిని కడుపుకు హత్తుకుని, రెండో చేత్తో జాకీ కమ్మీ కోసం తడుముతూ పైకి లేవబోయాడు.

"అక్కా," అన్నాడు ఆమెను చూసి. పాత టైర్ల మధ్య నుంచి పిలిచినట్టే పిలిచాడు.

రెండో దెబ్బ మోకాలి చిప్ప మీద పడింది. ఆ తర్వాత అతను లేవలేదు.

ఏడవడానికి తీరిక లేదు. టైర్లక్క నోట్లోని నెత్తురు ఉమ్మేసి మళ్లీ చక్రం దగ్గరికి వచ్చింది. పైపు చివర రెండు కాళ్లతో ఎక్కి నిలబడి, తన బరువంతా వేసి ఊగింది. వెనక తమ్ముడు మూలుగుతున్నాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి నట్టు కిర్రుమని పట్టు వదిలింది. కారు లేపి స్టెప్నీ వేసి నాలుగు నట్లు బిగించింది. సీటు మీద గాజు దులిపి, మరదలి చేతికి తన తలగుడ్డ విప్పి కట్టింది. నాలుగు నట్లతో పోవచ్చు గానీ యాభై దాటించవద్దని, దారిలో ఆసుపత్రి కనబడగానే ఆగి కుట్లు వేయించుకుని మెడ కూడా చూపించమని చెప్పింది.

"మీరూ రండి వదినా."

"వాడి దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా," అంది.

కారు మలుపు తిరిగాక అంబులెన్సుకు ఫోను చేసింది. అది వచ్చేదాకా తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అతను ఆ ఒళ్లోనే ఆమెను నానా తిట్లూ తిట్టాడు.

ఆసుపత్రికి పోలీసాయన వచ్చి అడిగితే, జాకీ జారి కారు తన మీద పడిందన్నాడు తమ్ముడు. ఆడదాని చేతిలో దెబ్బతిన్నానని చెప్పుకోవడం నామోషీ. పోలీసాయన కూడా అదే రాసుకుని కాగితం మడవబోయాడు. టైర్లక్క పక్క మంచం మీద నుంచి లేచి వచ్చింది. ఆ అబద్ధం నిలబడితే తాను బతికిపోతుందని ఆమెకు తెలుసు. దాంతోపాటు మరదలి మెడ మీద వేళ్ల అచ్చులూ మాసిపోతాయని కూడా తెలుసు.

"జాకీ జారలేదండీ. నేనే కొట్టాను. ఎందుకు కొట్టానో మొదటినుంచీ చెబుతాను, రాసుకోండి," అంది.

సొంత తమ్ముడేగా, ఆలోచించుకోమన్నాడాయన. ఆలోచించే కొట్టానంది. మణికట్టు సంగతీ చెప్పింది, మోకాలి సంగతీ చెప్పింది, తల వైపు చూసిన సంగతి కూడా దాచలేదు. పన్ను లేక కొన్ని మాటలు గాలిపోయి వస్తుంటే ఆయన అర్థం కాలేదన్న చోటల్లా ఆగి మళ్లీ చెప్పింది. తమ్ముడు గోడ వైపుకు తిరిగి పడుకున్నాడు. చెప్పడం అయిపోయాక ఆమె కాగితాన్ని ఒకసారి చదివించుకుని, ఒక చోట తప్పు దిద్దించి, సంతకం పెట్టింది.